కంచ అంటే బంజరు కాదు

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నేర్చుకొనే కోలారు జిల్లా విద్యార్థులకు ‘గోమాళ’ అనే మాట కొత్తది కాదు. ఊరి పశువుల మేతకు విడిచిన నేల అది. కర్ణాటక భూ కందాయ నియమాల ప్రకారం 100 పశువులకు 12 హెక్టార్ల చొప్పున గోమాళ ఉండాలి. దీనికి దగ్గరి మాట తెలంగాణలో ‘కంచ’. పశువులు ఎప్పుడు పడితే అప్పుడు దిగకుండా కాపాడి, గడ్డి పెరగనిచ్చిన బీడు కంచ. హైదరాబాదు పరిసరాల్లో కంచ గచ్చిబౌలి, ఇమారత్ కంచ వంటి పేర్లలో ఆ మాట ఇంకా నిలిచి ఉంది.

అలాంటి నేలను చూడదలచినవారికి హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణ మంచి చోటు. 1974లో ఏర్పడిన ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి గచ్చిబౌలి దగ్గర సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. అందులో భవనాలు కట్టింది కొంత భాగంలోనే. మిగిలిన చోట గడ్డి, పొదలు, బండలు, చెరువులు ఉండిపోయాయి. ఇది చట్టప్రకారం ప్రకటించిన అభయారణ్యం కాదు. చదువులకు ఇచ్చిన నేల కావడం వల్ల, చుట్టూ నగరం పెరిగినా చాలా వరకు మిగిలింది. అక్కడ తెలుగు శాఖ కూడా ఉంది కనుక మన విద్యార్థులు ఏదో ఒక పనిమీద వెళ్ళే అవకాశం ఉంటుంది. వెళ్ళినప్పుడు, అనుమతి తీసుకొని, ఒక ఉదయం ఈ బీడు కోసం కేటాయించుకోవాలి.

మొదట కంటబడేవి రాళ్లు. కోలారు అంతరగంగ కొండమీది గుండ్లను చూసినవారికి ఇవి పరిచయమైనవిగానే తోస్తాయి. ఈ శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పగుళ్ల వెంట నీరు దిగి, రాతి అంచులు అరిగి, మెత్తబడిన మట్టి కొట్టుకుపోగా గుండ్లు మిగిలాయి. పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన రాయి ఒకటి అక్కడ ప్రసిద్ధం.

బండమీద మట్టి పలచగా ఉన్నచోట పెద్ద చెట్టు వేరు దిగదు, గడ్డి మాత్రం బతుకుతుంది. ఎండాకాలంలో పైభాగం మాడిపోయినా వేరు చావదు. తొలకరి పడగానే మళ్ళీ చిగురిస్తుంది. వానల తరువాత నడిస్తే బట్టలకు గుచ్చుకొనే గింజలను చూడండి. కొన్ని గడ్డిగింజలకు పొడుగాటి తోక ఉంటుంది. తడి తగిలినప్పుడు, ఆరినప్పుడు ఆ తోక మెలితిరిగి గింజను నేలలోకి దింపుతుంది. ఎవరూ దున్నకుండానే విత్తనం నాటుకొనే పద్ధతి ఇది.

తీతువు పిట్ట గూడు కట్టదు. రాళ్ల మధ్య వట్టి నేలమీదే గుడ్లు పెడుతుంది. అందుకని బాట వదలి నడవకూడదు. నెమళ్లు, చుక్కల దుప్పులు, నక్షత్ర తాబేళ్లు కూడా ఇక్కడ ఉన్నాయి. వాటిని చూడాలంటే తెల్లవారుజామున వెళ్ళి, నిశ్శబ్దంగా నిలబడాలి. ఎండాకాలంలో నిప్పు వెంట తీసుకుపోకూడదు.

ఇంత జీవం ఉన్న నేలను లెక్కల్లో ‘బంజరు’ అని రాయడం వల్ల దానికి ముప్పు వస్తుంది. పనికిరాని నేల అనుకొన్నప్పుడు దాన్ని ఎవరికైనా ఇవ్వవచ్చు, ఏదైనా నాటవచ్చు. కోలారు జిల్లాలో 1980ల నుంచి నీలగిరి తోటలు విరివిగా వ్యాపించాయి. చెట్లు పెరిగాయి గాని వాటి కింద మేత పెరగలేదు. 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది.

విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న 400 ఎకరాల కంచ గచ్చిబౌలి భూమి ప్రభుత్వానిదేనని 2024లో న్యాయస్థానాలు తేల్చాయి. 2025 మార్చి 30న అక్కడ యంత్రాలు చెట్లు తొలగించడం మొదలుపెట్టాయి. విద్యార్థులు అడ్డుకొన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనులను ఆపించింది. అప్పటికే సుమారు 100 ఎకరాలలో చెట్లు పోయాయి. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న, ఆ భూమిమీద ఏముందన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి సమాధానం దొరికినంత మాత్రాన రెండోది అడగనక్కరలేదని కాదు.

హైదరాబాదు వెళ్ళలేనివారు తమ ఊరి గోమాళతోనే మొదలుపెట్టవచ్చు. అది ఎక్కడుందో, ఇప్పుడెంత మిగిలిందో ఇంట్లో పెద్దవారినడగండి. అక్కడ మొలిచే గడ్డి పేర్లు, తిరిగే పిట్టల పేర్లు వారు ఏ మాటతో చెబితే ఆ మాటతోనే రాసుకోండి. మన జిల్లా తెలుగులో ఉండి నిఘంటువుల కెక్కని మాటలు కొన్ని వాటిలో తప్పక ఉంటాయి. గోమాళ పోతే, వాటిని పలికే అవసరం కూడా పోతుంది.