బూజు ఇన్‌స్పెక్టర్‌ని ఏమడగాలి?

టెక్సస్‌లో ఇల్లు కొనే మనవాళ్లు హోమ్ ఇన్‌స్పెక్షన్ తప్పకుండా చేయిస్తారు. బూజు సంగతి మామూలుగా దాని పరిధిలోకి రాదు. తీరా ఎప్పుడో గోడమీద నల్లటి మచ్చ కనబడితే, మోల్డ్ ఇన్‌స్పెక్టర్‌ని పిలిచి 'ఇది ఏ రకం, ఎంత ఉంది' అని అడుగుతాం. ముందు అడగాల్సింది తడి ఎక్కణ్ణుంచి వస్తోందని. బూజు సిద్ధబీజాలు గాలిలో లేని ఇల్లంటూ ఉండదు. వాటికి కావలసిన మేత గోడల షీట్‌రాక్ పలకల మీది కాగితం, చెక్క, కార్పెట్ రూపంలో అమెరికా ఇళ్లలో సమృద్ధిగానే ఉంది. కొరతల్లా నీటికే. తడిసిన చోటు 24 నుంచి 48 గంటల్లో ఆరిపోతే చాలావరకు బూజు పట్టదనీ, ఇంట్లో తేమ 60 శాతం దాటనివ్వొద్దనీ అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతోంది. అందుకే పని తెలిసిన ఇన్‌స్పెక్టర్ తేమ మీటరు సూదులు గోడకు గుచ్చుతాడు, ఏసీ కింది పళ్లెంలో నీళ్లు నిలిచాయా, డ్రెయిన్ గొట్టం పూడుకుందా అని చూస్తాడు, సింకు కిందా ఆటిక్‌లోనూ వెతుకుతాడు. ఇన్‌ఫ్రారెడ్ కెమెరా బూజును చూపించదు. చల్లగా ఉన్న చోటును చూపిస్తుందంతే, అది తడో కాదో మీటరే తేల్చాలి. పూటపూటా అన్నం, పప్పు ఉడికే మన వంటిళ్లలో ఇంకొకటి కూడా చూడమనండి: పొయ్యిమీది ఫ్యాను ఆవిరిని బయటికి పంపుతోందా, తిప్పి మళ్లీ గదిలోకే వదులుతోందా?

ల్యాబ్ రిపోర్టు లేకుండా ప్రమాదం ఎలా తెలుస్తుందని అడగొచ్చు. ఇంత మించితే ప్రమాదమని చెప్పే ఫెడరల్ ప్రమాణమే లేనప్పుడు, వచ్చిన అంకెను దేనితో పోలుస్తాం? ఉబ్బసం, అలర్జీ ఉన్నవాళ్లకు బూజు హాని చేస్తుంది, సందేహం లేదు. అయితే రంగూ రకమూ ఏదైనా తీసెయ్యాల్సిందేనని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ మాట. పరీక్ష ఎప్పుడూ వృథా అని కాదు. వాసన వస్తూ బూజు కనబడకపోయినా, తగాదా కోర్టుకెక్కినా అది అవసరమే. అప్పుడైనా బయటి గాలి నమూనా కూడా తీయకపోతే లోపలి లెక్కకు అర్థం లేదు. దుకాణాల్లో అమ్మే కిట్లయితే మరీను, ఎక్కడ తెరిచిపెట్టినా ఏదో ఒకటి మొలుస్తుంది.

'సబ్బునీళ్లతో కడిగేస్తే పోయేదానికి ఇంత ఖర్చా' అనేది రెండో అభ్యంతరం. అందులో నిజముంది. 10 చదరపు అడుగుల లోపైతే చాలా సందర్భాల్లో సొంతంగా తుడుచుకోవచ్చని ఈపీఏనే అంటోంది. కానీ నీటి ఊట ఆపకుండా తుడిస్తే మళ్లీ వస్తుంది, షీట్‌రాక్ లోపలికి పాకితే కోసి మార్చాల్సిందే. పని పెద్దదైతే, ఉచితంగా చూసిపెడతామనే క్లీనింగ్ కంపెనీని నమ్ముకోవద్దు. బూజు ఎంత ఎక్కువ చూపిస్తే వాళ్లకు అంత పని. ఒకే ప్రాజెక్టులో తనిఖీ, తొలగింపు రెండూ ఒకరే చేయకూడదని టెక్సస్ చట్టం. న్యూయార్క్‌లోనూ 2016 నుంచి అంతే. లైసెన్సు నిబంధనే లేని రాష్ట్రాల్లో ఈ జాగ్రత్త మనమే పడాలి.

టెక్సస్‌లో పని ముగిశాక యజమానికి ఒక సర్టిఫికెట్ ఇస్తారు. ఇల్లు అమ్మేటప్పుడు గత 5 ఏళ్ల సర్టిఫికెట్ల నకళ్లు కొనేవారికి ఇవ్వాలి. కొనేవారు మీరైతే అడిగి తీసుకోండి. బూజు తీసేశారన్న మాటతో ఆగకుండా, దానికి మూలకారణాన్ని సరిచేశారని ఇన్‌స్పెక్టర్ ధ్రువీకరించాడో లేదో చూసి సంతకం పెట్టండి.