కంప్యూటర్ లేకుండా డిజిటల్ ఫోటోల ముద్రణ

డిజిటల్ కెమెరాలు వచ్చాక ఫిల్ము కడిగించే పని తప్పింది. అయితే ఫోటో కాగితం మీదికి రావాలంటే ముందు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని చాలామంది అనుకుంటారు. ఇది అవసరం లేదు. ఏ ఫోటో, ఎన్ని ప్రతులు, ఏ సైజు అనే మూడు విషయాలు ప్రింటరుకు తెలిస్తే చాలు. వాటిని కెమెరా కూడా చెప్పగలదు.

2003లో జపానులోని కెమెరా తయారీదారుల సంఘం పిక్ట్‌బ్రిడ్జ్ అనే ప్రమాణాన్ని వెలువరించింది. దీన్ని పాటించే కెమెరాను, ప్రింటరును యు.ఎస్.బి. కేబుల్‌తో కలిపితే, అవి వేర్వేరు కంపెనీలవైనా సరే, కెమెరా తెర మీదనే ఫోటోను ఎంచుకొని ముద్రించవచ్చు. కార్డు పెట్టే వీలున్న ప్రింటరైతే మెమరీ కార్డును నేరుగా అందులో పెట్టవచ్చు. మొబైల్ ఫోను ఉన్నవారు వైఫై ద్వారా పంపవచ్చు. ఏ పద్ధతిలోనైనా ఫోటో జెపెగ్ రూపంలో ఉండటం మంచిది.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉంది. చిన్న కెమెరాలు, ఫోన్లు తీసే ఫోటో సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఉంటుంది. మనం వాడే 4×6 అంగుళాల కాగితం నిష్పత్తి 3:2. అంచులు లేకుండా కాగితం నిండా ముద్రించమంటే ప్రింటరు ఫోటో ఎత్తులో దాదాపు తొమ్మిదో వంతు కోసేస్తుంది. పెళ్ళి ఫోటోలో వెనుక వరుసలో నిలబడిన తాతయ్య తల పోయేది ఇలాగే! కంప్యూటర్ ఉంటే ఎక్కడ కోయాలో ముందే చూసుకునేవాళ్ళం. అది లేనప్పుడు రెండు దారులున్నాయి: కెమెరాలోనో ప్రింటరులోనో కత్తిరింపు సౌకర్యం ఉంటే వాడుకోవడం, లేదా తెల్ల అంచుతో ముద్రించడం. అంచు కొందరికి నచ్చదు, కానీ గ్రూపు ఫోటోలకు అదే క్షేమం. తీసేటప్పుడే తలల పైన కొంత ఖాళీ వదిలితే ఈ తిప్పలు ఉండవు.

స్పష్టత సంగతి లెక్కతో తేలుతుంది. అంగుళానికి 300 పిక్సెళ్ళు ఉంటే ముద్రణ బాగుంటుంది. అంటే 4×6 ఫోటోకు 1200×1800, సుమారు 22 లక్షల పిక్సెళ్ళు కావాలి. ఈనాటి స్మార్ట్‌ఫోన్లు ఇంతకంటే ఎక్కువే ఇస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో మాత్రం కుదించుకుపోతుంది. బంధువుల దగ్గరున్న ఫోటో కావాలంటే డాక్యుమెంటుగా పంపమనండి.

ఇంక్‌జెట్ ప్రింటరులో ఫోటో కాగితం పెట్టినప్పుడు సెట్టింగులో కూడా కాగితం రకాన్ని మార్చండి. మార్చకపోతే రంగులు తేడాగా వస్తాయి, సిరా అలుక్కుపోవచ్చు. కాగితం ఖరీదైనది కాబట్టి మొదట ఒక్క ప్రతే తీయండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక పాత ఫోటో 800×600 పిక్సెళ్ళలో ఉంది. దాన్ని 4×6 కాగితం నిండా ముద్రిస్తే అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు వస్తాయి? ఎత్తులో ఎన్ని పిక్సెళ్ళు తెగిపోతాయి?