మామయ్యగారి వెస్పా - అత్తయ్యగారి గాజులు

ఆదివారం పొద్దున్న మీ ఇళ్ళల్లో అన్నయ్యగార్లు ఏం చేస్తారోగానీ, మావారు మాత్రం టిఫిన్ తినడం ఆలస్యం, పాత లుంగీ కట్టుకుని మెట్ల కిందకి వెళ్ళిపోతారు. అక్కడ ఉన్నది మా మామయ్యగారి స్కూటర్. 1970 నాటి వెస్పా 150. మామయ్యగారు పోయాక మూడేళ్ళు టార్పాలిన్ కిందే పడి ఉంది. పిల్లులు రెండుసార్లు పిల్లల్ని పెట్టాయి దాని పక్కన!

నిజం చెప్పొద్దూ, నాకు ఆ బండంటే ఒళ్ళు మండేది. ఓ నెల కార్బురేటర్ సామాన్లనీ, కేబుళ్ళనీ మూడు వేల పైచిలుకు పోసేశారు. అమ్మాయి హాస్టల్ ఫీజు కట్టాల్సిన నెల అది. "ఆ ఇనప ముక్క మీద పెట్టే డబ్బు పిల్ల చదువు మీద పెట్టండి" అని గట్టిగానే అన్నాను. మర్నాడు పాత సామాన్లతను వస్తే బేరం కూడా ఆడేశాను.

అత్తయ్యగారు వరండాలో చిక్కుడుకాయలు వలుస్తున్నారు. తలెత్తకుండానే, "అమ్మాయ్, అమ్మితే అమ్ము. కానీ ఆ బండి మీ మామయ్యగారిది కాదు, నాది" అన్నారు.

అప్పుడు చెప్పారు అసలు సంగతి. మామయ్యగారు టీచరు. 1964లో స్కూటర్ బుక్ చేసుకుంటే ఆరేళ్ళకి వచ్చిందట పిలుపు. ఆ రోజుల్లో స్కూటర్ కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూడడం మామూలే. తీరా బండి వచ్చేసరికి చేతిలో డబ్బు లేదు. అత్తయ్యగారు తన పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు గాజులూ తీసి ఇచ్చేశారు. "మళ్ళీ చేయిస్తానన్నారు, వీలు పడలేదు. ఆయన్నేమీ అనలేదు నేను" అన్నారు. అంతే, మళ్ళీ చిక్కుడుకాయలు వలుచుకుంటూ కూర్చున్నారు.

ఇక నా నోరు లేవలేదు. పాత సామాన్లతన్ని పంపించేశాను. కానీ లెక్క లెక్కే కదండీ! ఇంటి ఖర్చుల పుస్తకంలో బండికి ఓ పేజీ పెట్టాను. నెలకి వెయ్యి రూపాయలు, దాటితే వచ్చే నెలే. మావారు ఒప్పుకున్నారు.

అసలీ బండి పుట్టిందెక్కడో తెలుసా? ఇటలీలో పాంటెడెరా అనే ఊళ్ళో. పియాజియో కంపెనీవాళ్ళు అంతకు ముందు విమానాలు చేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్యాక్టరీ మీద బాంబులు పడ్డాయి. యుద్ధమయ్యాక జనం తిరగడానికి చవగ్గా ఓ బండి కావాలని యజమాని ఎన్రికో పియాజియో అనుకున్నాడు. ఆ పని కొరాడినో దస్కానియో అనే విమానాల ఇంజనీరుకి అప్పగించాడు. ఆయనకి మోటార్ సైకిళ్ళంటే గిట్టదట! చైను గ్రీజు బట్టలకి అంటుతుందనీ, టైరు మార్చడం కష్టమనీ. అందుకే చైను లేకుండా, ఇంజను మూత కింద దాచి, కాళ్ళ దగ్గర ఖాళీ వదిలి తయారుచేశాడు. 1946లో వచ్చింది. వెస్పా అంటే ఇటలీ భాషలో కందిరీగ. మన దేశంలో 1971 దాకా ఆ కంపెనీ ఒప్పందంతో బజాజ్‌వాళ్ళు చేశారు. చైను లేకపోవడం చీర కట్టుకుని వెనక కూర్చునేవాళ్ళకి ఎంత మేలో మనకి ఒకరు చెప్పాలా?

సరే, మా బండి కథకొస్తాను. రంగు వేయించి తెచ్చాక కొత్త జబ్బు పట్టుకుంది. కిక్ కొడితే స్టార్ట్ అవుతుంది, పెరట్లో ఓ పదిహేను నిమిషాలు నడుస్తుంది, ఊపిరాడనట్టు ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోతుంది. మావారు ప్లగ్గు మార్చారు, పాయింట్లు గీకారు, కార్బురేటర్ మూడుసార్లు విప్పారు. మెకానిక్ వచ్చి కాయిల్ మార్చమన్నాడు. అంటే మళ్ళీ ఖర్చే!

నేను టార్చిలైటు పట్టుకుని నిలబడి చూస్తున్నాను. ఆగినప్పుడల్లా మావారు పెట్రోలుందో లేదోనని ట్యాంకు మూత తీసి చూస్తారు. 'ఉస్స్' మని చప్పుడు. ఆ తర్వాత కిక్ కొడితే ఠక్కున స్టార్టవుతుంది. రెండుసార్లు చూశాక నాకు వంటింట్లో నూనె డబ్బా గుర్తొచ్చింది. డబ్బాకి ఒకే బెజ్జం పెడితే నూనె గుటక గుటకగా పడి ఆగిపోతుంది కదా! రెండో వైపు గాలికి ఇంకో బెజ్జం పెడితేనే ధారగా పడుతుంది.

"ఏమండీ, ఈ మూతకి గాలి పోయే దారేదీ?" అన్నాను.

మూత తిప్పి చూస్తే ఏముంది? గాలి బెజ్జం మీద రంగు నిండుగా పూసేశారు. పిన్నీసు పెట్టి పొడిచాను. ఆ పూట బండి అరగంట ఆగకుండా నడిచింది. కాయిల్ డబ్బులు మిగిలాయి!

అప్పట్నుంచీ నేనూ ఓ చెయ్యి వేస్తున్నాను. నేను చదివింది ఇంటరే. కానీ ఈ పనికి కావలసింది ఓపికా, శుభ్రం, ఏది ఎక్కణ్ణుంచి తీశామో గుర్తుండడం. అవి మనకి కొత్తా చెప్పండి? మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బండి ఉంటే ఈ సంగతులు గుర్తుంచుకోండి:

* విప్పిన నట్లూ బోల్టులూ పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో వరసగా పెట్టండి. విప్పిన వరసకి వెనక నుంచి బిగించుకుంటూ రావాలి. (ఆ ప్లేటు మళ్ళీ వంటకి వాడకండి సుమా!)

* ఇది టూ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో టూటీ ఆయిల్ కలిపి పోయాలి. మా బండికి లీటరుకు 20 మిల్లీలీటర్లు. మీ బండికి ఎంతో దాని పుస్తకం చూడండి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్గు మసి. గేర్‌బాక్స్ ఆయిల్ వేరు, మావారు దానికి 250 మిల్లీలీటర్లు పోస్తారు.

* ప్లగ్గు కొస గోధుమరంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా తడిగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువవుతోందన్నమాట.

* ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని పీలుస్తుంది, పాత రబ్బరు సామాన్లని పాడు చేస్తుంది. పెట్రోలు పైపు కొత్తది వేయించండి. నెలల తరబడి కదపని బండి ట్యాంకులో పెట్రోలు ఉంచకండి.

* కాళ్ళ కింది మ్యాట్ ఎత్తి చూస్తుండండి. నీళ్ళు నిలిచి తుప్పు మొదలయ్యేది అక్కడే. మా కాకినాడ ఉప్పుగాలికి మరీనూ!

* చక్రం రిమ్ము రెండు ముక్కలుగా ఉంటుంది. ట్యూబులో గాలి పూర్తిగా తీసేయకుండా ఆ రెండింటినీ కలిపే నట్లు విప్పకండి. ముక్కలు ఎగిరి మొహానికి తగులుతాయి.

* పాత బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడి నోటితో ఊదకండి, తడిగుడ్డతో తుడిచి, గుడ్డ కవర్లో చుట్టి పారేయండి.

* పెట్రోలు పనులన్నీ ఆరుబయటే. వంటింటి పొయ్యికీ, దేవుడి దీపానికీ దూరంగా ఉండాలి.

ఇంకో మాట. బండి నడుస్తోంది కదా అని రోడ్డెక్కించకూడదు. మా బండి కాగితాల గడువు ఎప్పుడో దాటిపోయింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారని బండ్లకి 2021లో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే అలాంటి బండిని రోజూ తిరగడానికి వాడకూడదు, ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, రిపేరుకీ, పెట్రోలు పోయించుకోడానికీ మాత్రమే. అందుకే మావారు తొందరపడకుండా ఆర్టీవో ఆఫీసులో ఏ దారి మంచిదో కనుక్కుంటున్నారు. అందాకా మా పెరడే దానికి రోడ్డు.

పోయిన ఆదివారం స్కూటర్ చప్పుడు విని అత్తయ్యగారు పెరట్లోకి వచ్చారు. 77 ఏళ్ళ మనిషి. యాభై ఏళ్ళు వెనక సీట్లోనే కూర్చున్నారు. "ముందు కూర్చోండి అత్తయ్యా" అన్నాను. స్టాండు వేసిన బండి మీద మావారు చెయ్యి పట్టుకుంటే మెల్లగా కూర్చున్నారు. హ్యాండిల్ పట్టుకుని, "ఇదా ఆయన తిప్పేది?" అంటూ ఓసారి రెయిజ్ చేశారు. పొగ గుప్పుమంది. ఆవిడ నవ్వారు.

ఖర్చుల పుస్తకంలో 'మామయ్యగారి బండి' అని రాసి ఉన్న పేజీ మీద ఆ రాత్రి 'అత్తయ్యగారి బండి' అని దిద్దాను. దాని పక్కనే ఇంకో పేజీ కూడా మొదలెట్టాను. దానికి 'గాజులు' అని పేరు. ఈ నెల అందులో కాయిల్ మీద మిగిలిన డబ్బు వేశాను. నాలుగూ కాకపోయినా, ఒక జతైనా చేయించాలని మా ఇద్దరి కోరిక. ఆవిడకి మాత్రం ఇంకా చెప్పలేదండోయ్!