కాటాలో సున్నా కదిలితే...

చెరకు బండిని కాటా మీదికి ఎక్కించే ముందు జహీరాబాద్ ప్రాంతపు రైతు చూపు ఒక్కసారి అంకెల వైపు పోతుంది, అక్కడ సున్నా ఉందా లేదా అని. ఆ చూపు ఊరికే రాలేదు. సరుకుతో ఉన్న బండిని ఒకసారి తూస్తారు. చెరకు దించేశాక ఖాళీ బండిని మళ్లీ తూస్తారు. మొదటి లెక్కలోంచి రెండోది తీసేస్తే మిగిలేదే చెరకు బరువు. కాటా మొదట్నుంచీ ఇరవై కిలోలు ఎక్కువ చూపిస్తున్నా ఫర్వాలేదు. రెండుసార్లూ ఎక్కువే కాబట్టి ఆ ఇరవై తీసివేతలో పోతుంది. చిక్కల్లా, ఈ రెండు తూకాల మధ్యలో సున్నా కదిలితేనే! వానకు పలక మీద బురద చేరిందనుకోండి, ఆ తేడా కాస్తా చెరకు లెక్కలో కలిసిపోతుంది. చీటీ మీద అంకె మాత్రం నిక్షేపంగా ఉంటుంది.

ఇదే చిక్కు కోట్ల రూపాయల ఎంఆర్ఐ యంత్రానికీ ఉందంటే నమ్ముతారా? అక్కడ కదిలే సున్నా పేరు అయస్కాంత క్షేత్రం.

జహీరాబాద్ నుంచి ముంబై హైవే మీద వంద కిలోమీటర్లు పోతే హైదరాబాద్. పెద్ద స్కాన్ రాస్తే చాలామంది పట్టే దారి అదే. సొరంగంలాంటి గొట్టంలో అరగంట కదలకుండా పడుకోవడం, చెవులు చిల్లులు పడే టకటకలు, సాయంత్రానికి చంకలో పెద్ద కవరు... ఆ కవర్లోవి బొమ్మలు. కణితి ఉందా, డిస్క్ జారిందా అన్నది డాక్టరు కంటితో చూసి చెబుతారు. బొమ్మ వరకూ అయితే క్షేత్రం కొద్దిగా జారినా పెద్ద నష్టం లేదు. కానీ ఎంఆర్ఐ ఇప్పుడు బొమ్మ దగ్గరే ఆగడం లేదు. అంకె చెబుతోంది.

అంకె చెప్పే యంత్రం

తలసీమియా పిల్లలున్న ఇళ్లలో ఈ అంకెల సంగతి బాగా తెలుసు. తరచూ రక్తం ఎక్కించడం వల్ల గుండెలో ఇనుము పేరుకుపోతుంది. అది ఎంతుందో టీటూస్టార్ అనే ఎంఆర్ఐ కొలతతో తెలుసుకుంటారు. 20 మిల్లీసెకన్ల కంటే తగ్గితే ఇనుము చేరుతున్నట్టు, 10కి దిగిందంటే ప్రమాదం దగ్గర్లో ఉన్నట్టు. అదృష్టం ఏమిటంటే, క్షేత్రం నెమ్మదిగా జారినా ఈ కొలతకు పెద్దగా దెబ్బ తగలదు. అన్ని కొలతలకూ ఒకే బెడద ఉండదు. అసలు బాధ ఎక్కడంటే, కాటాలో లాగా 'ముందు ఇంత, తర్వాత ఇంత' అని తీసివేత చేసే కొలతల్లో. వాటిలో మొదట చెప్పుకోవాల్సింది ఉష్ణోగ్రత.

అవును, ఎంఆర్ఐతో ఒంటి లోపలి వేడిని కొలవొచ్చు. కోత లేదు, సూది లేదు. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు అయస్కాంతంలో ఒక స్వరం పలుకుతాయి. 3 టెస్లా యంత్రంలో ఆ స్వరం సెకనుకు 12.77 కోట్ల కంపనాలు. నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆ స్వరం ఒకటింబావు కంపనం మేర కిందికి దిగుతుంది. 12.77 కోట్లలో ఒకటింబావు! నీటికి ఈ గుణం ఉందని 1966లో హిండ్‌మన్ అనే శాస్త్రవేత్త గుర్తించారు. దాన్ని పట్టుకుని ఎంఆర్ఐతో ఉష్ణోగ్రతల పటం గీయొచ్చని 1995లో ఇషిహారా బృందం చూపించింది.

దీని ఉపయోగం చిన్నది కాదు. చేతులు వణికిపోయే జబ్బుకి తల చుట్టూ 1,024 మూలకాలున్న హెల్మెట్ లాంటి సాధనం అమర్చి, శబ్ద తరంగాలన్నిటినీ మెదడులో ఒక్క చుక్క మీద కేంద్రీకరిస్తారు. ఆ చుక్కను 55, 60 డిగ్రీలకు వేడి చేసి మాడ్చేస్తారు. అమెరికా 2016లో ఈ చికిత్సకు అనుమతి ఇచ్చింది. వేడి ఎంతయిందో ఎంఆర్ఐయే చెప్పాలి. ఒక్కో విడత కొద్ది సెకన్లే కాబట్టి ఆలోపు క్షేత్రం జారేది తక్కువ. గండం వేరే చోట ఉంది. కొన్ని క్యాన్సర్లలో మందుకో రేడియేషన్‌కో తోడుగా కణితిని 40 నుంచి 43 డిగ్రీల మధ్య గంటసేపు వెచ్చగా ఉంచుతారు. అంటే మొత్తం ఆట మూడు డిగ్రీల లోపే. ఆ గంటలో క్షేత్రం 5 హెర్ట్జ్ జారిందా, యంత్రం నాలుగు డిగ్రీలు తప్పు చెబుతుంది. కణితి చల్లగానే ఉన్నా 'వేడెక్కింది, చాలు' అనొచ్చు. లేదా పక్కనున్న మంచి కండ ఉడుకుతున్నా 'ఇంకా కాలేదు' అనొచ్చు. రోగికి మత్తిచ్చి ఉంటే మంటగా ఉందని చెప్పేవాళ్లు కూడా ఉండరు.

ఇంతకీ ఎందుకు జారుతుంది?

అయస్కాంతం తప్పేమీ లేదు. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన ఆ తీగచుట్ట తనంతట తాను మహా నిలకడైంది. తేడా వచ్చేది దాని చుట్టుపక్కల. మనకు వినిపించే ఆ టకటకలు గ్రేడియంట్ కాయిల్స్‌వి. వాటిలో కరెంటు క్షణానికోసారి అటూ ఇటూ మారుతుంటే అవి వేడెక్కుతాయి. క్షేత్రాన్ని అన్ని చోట్లా సమంగా ఉంచడానికి అమర్చిన ఇనుప బిళ్లలు వాటి దగ్గర్లోనే ఉంటాయి. ఇనుము వేడెక్కితే దాని అయస్కాంత గుణం పిసరంత మారుతుంది. ఆ పిసరే మన ఒకటింబావు కంపనాన్ని మింగేస్తుంది! స్కాన్ ఆగాక కూడా చాలాసేపటి వరకూ, ఆ ఇనుము చల్లారేదాకా, జారుడు సాగుతూనే ఉంటుంది. ఇవి చాలవన్నట్టు, రోగి ఊపిరి తీసినప్పుడల్లా మెదడు దగ్గర క్షేత్రం కాస్త ఊగుతుంది. బయట రోడ్డు మీద లారీ వెళ్లినా తేడా రావచ్చు. అందుకే ఎంఆర్ఐ గది కట్టే ముందే రోడ్డు ఎంత దూరం, లిఫ్ట్ ఎక్కడ అని కొలుస్తారు. రాత్రింబవళ్లు లారీలు తిరిగే హైవే పక్కన ఆసుపత్రి కట్టేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతే.

మరి దీన్ని సరిదిద్దేదెలా? రసాయన శాస్త్రవేత్తలు ఈ బాధను ఎంఆర్ఐ పుట్టకముందే పడ్డారు. హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో మందుల అణువులను పరీక్షించే ఎన్ఎంఆర్ యంత్రాలున్నాయి. ఎంఆర్ఐకి అవి పెద్దన్నలు. అక్కడ నమూనాను మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్న ద్రావకంలో కరిగిస్తారు. మన మణుగూరులో భారజల కర్మాగారం ఉంది కదా, ఆ భారజలంలో ఉండేది ఈ డ్యుటీరియమే. యంత్రం దాని స్వరాన్ని నిరంతరం వింటూ, అది కాస్త తప్పగానే క్షేత్రాన్ని సర్దుతుంది. దీన్ని 'లాక్' అంటారు. మనిషి ఒంట్లో డ్యుటీరియం లెక్కలోకి రానంత తక్కువ. అందుకని ఎంఆర్ఐలో స్కాన్ మధ్య మధ్యలో నీటి స్వరాన్నే క్షణకాలం విని, ఎంత జారిందో లెక్కగట్టి సర్దుతారు.

కానీ ఉష్ణోగ్రత కొలిచేటప్పుడు ఆ పప్పులుడకవు. నీటి స్వరం వేడికి దిగిందా, అయస్కాంతం వల్ల దిగిందా? రెండూ ఒకేలా ఉంటాయి. ఇక్కడే నూనె అక్కరకొస్తుంది! నూనెలోని హైడ్రోజన్ స్వరం వేడికి దాదాపు మారదు. అందుకే రోగి చుట్టూ సిలికాన్ నూనె నింపిన గొట్టాలు పెడతారు. నూనె స్వరం మారిందంటే అది అయస్కాంతం పనే, దాన్ని తీసేయాలి. ఒక్క గొట్టం చాలదు. జారుడు అన్ని వైపులా ఒకేలా ఉండదు కాబట్టి కుడి ఎడమల, పైన కింద ఎంతెంతో చూసి మధ్యలో రోగి ఉన్నచోట ఎంతుంటుందో లెక్కగడతారు. ఒంట్లోని కొవ్వు కూడా ఈ పనికి వస్తుంది. కొవ్వును మెచ్చుకునే సందర్భం వైద్యంలో ఇంకెక్కడుందో నాకైతే తట్టలేదు.

ఎడమా? కుడా?

ఈ లెక్క తప్పితే ఏమవుతుందో ఇంకో చోట మరీ బాగా తెలుస్తుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రవీందర్ రెడ్డి బృందం మెదడులోని గ్లుటమేట్ అనే రసాయనాన్ని ఎంఆర్ఐతో పటం గీసే పద్ధతిని 2012లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో ప్రకటించింది. మూర్ఛ పుట్టే చోట గ్లుటమేట్ పాత్ర పెద్దది. మందులకు లొంగని మూర్ఛకు ఆపరేషన్ చేయాలంటే ముందు అది మెదడులో ఏ పక్క పుడుతోందో తెలియాలి. మామూలు ఎంఆర్ఐలో ఏమీ కనిపించని నలుగురు రోగులకు ఈ స్కాన్ చేస్తే నలుగురిలోనూ అది ఎడమో కుడో సరిగ్గా చెప్పింది. 2015లో వచ్చిన ఆ పరిశోధన పత్రంలో రవీందర్ రెడ్డితో పాటు రవి ప్రకాష్ రెడ్డి నంగ అనే మరో తెలుగు పేరూ ఉంది.

7 టెస్లా యంత్రంలో నీటి స్వరానికి ఒకవైపు సుమారు 900 హెర్ట్జ్ దూరంలో ఒక కొలత, సరిగ్గా అంతే దూరంలో అవతలి వైపు మరో కొలత తీసుకుని, రెంటికీ తేడా చూస్తారు. దొరికే గ్లుటమేట్ సంకేతం కొద్ది శాతమే. కొలుస్తున్న కాసేపట్లో నీటి స్వరమే పక్కకు జరిగితే రెండు దూరాలూ సమానం కావు. అచ్చం చెరకు కాటా కథే. అందుకే ఈ స్కాన్‌లో క్షేత్రం పటం కూడా విడిగా గీసుకుని, పిక్సెల్ పిక్సెల్‌కూ సర్దుబాటు చేస్తారు. స్కాన్ సాగుతుండగానే జారితే ఆ ఒక్క పటం కూడా పాతబడుతుంది. కాబట్టి మధ్యలోనూ నీటి స్వరాన్ని చూసుకోవాలి.

ఏ యంత్రం ఎంత జారుతుందన్నది కూడా లెక్క తేల్చారు. వివిధ దేశాల్లోని 95 మూడు టెస్లా యంత్రాలను పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. పది నిమిషాల పాటు గ్రేడియంట్లను గట్టిగా వాడే స్కాన్ ఒకటి నడిపి, దానికి ముందూ తర్వాతా చూశారు. అనుకున్నట్టే, తర్వాత జారుడు పెరిగింది. అందుకే పరిశోధనశాలల్లో సున్నితమైన కొలతను ముందు తీసుకుంటారు, యంత్రాన్ని వేడెక్కించే స్కాన్లను చివరికి నెడతారు. ఈ సర్దుబాటుకు పైసా ఖర్చు లేదు, స్కాన్ల వరస మార్చుకుంటే చాలు.