బటన్22 మీద తెలుగు ఏడు

ఇల్లందులో గని గురించి మాట్లాడేటప్పుడు చోటును వరుసలో చెప్పాలి: ఏ గని, ఏ సీము (బొగ్గు పొర), అందులో ఎక్కడ. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని గుర్తించిన భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ పేరు ఇప్పటికీ కింగ్ సీముగా నిలిచి ఉంది. పేరు లేని చోటికి మనిషిని పంపలేం. కంప్యూటర్ తెర మీది బటన్లకూ ఇలాగే వరుస పేర్లు పెట్టిన పద్ధతి ఒకటుంది.

అమెరికాలోని ఎమ్‌ఐటీలో 1984లో తెర మీద కిటికీలు చూపించే ఎక్స్ విండో సిస్టమ్ మొదలైంది. 1987లో వచ్చిన దాని వెర్షన్ ఎక్స్11 మీద ప్రోగ్రాములు రాయడానికి ఎక్స్‌టీ అనే టూల్‌కిట్ ఉండేది. బటన్, మెనూ, స్క్రోల్‌బార్ లాంటి ప్రతి ముక్కా అందులో ఒక విడ్జెట్. విడ్జెట్‌ను తయారుచేసేటప్పుడే ప్రోగ్రామర్ దానికో పేరు పెట్టాలి. రంగు, ఫాంటు, పైన కనిపించే మాట మాత్రం విడిగా ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉండొచ్చు. వాటినే రిసోర్సులు అంటారు.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఎక్స్‌క్యాల్క్ అనే కాలిక్యులేటర్. టీఐ-30 అనే చేతి కాలిక్యులేటర్ రూపంలో తెర మీదికొచ్చే దాని మీటల పేర్లు బటన్1 నుంచి బటన్40 వరకు, అంతే. సీ భాషలో రాసిన అసలు ప్రోగ్రాములో ఏ మీట మీద ఏముండాలో రాయలేదు. మీట ఎక్కడ కూర్చోవాలి, దాని మీద ఏ గుర్తుండాలి, నొక్కితే ఏ పని జరగాలి అన్నదంతా రిసోర్స్ ఫైల్లోనే ఉంది. అందులో బటన్22 అంటే ఏడు. అక్కడ

ఎక్స్‌క్యాల్క్*టీఐ.బటన్22.లేబుల్: ౭

అన్న అర్థం వచ్చే ఒక్క వరుస మార్చి, తెలుగు అంకెలున్న ఫాంటు చూపిస్తే చాలు. ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు, రాసినవాళ్లను అడగక్కర్లేదు. వాళ్లకు తెలుగు తెలియాల్సిన పని అసలే లేదు. ఇంత ఉదారమైన ఏర్పాటు కంప్యూటర్ చరిత్రలో అరుదని నా నమ్మకం.

ఆ వరుసలో చుక్క పెడితే సరిగ్గా ఆ కింది మెట్టు అని అర్థం. నక్షత్రం పెడితే మధ్యలో ఎన్ని మెట్లున్నా ఫర్వాలేదు. సొంత పేరుతో పాటు ప్రతి విడ్జెట్‌కూ ఒక తరగతి పేరుంటుంది. ఎక్స్‌క్యాల్క్ మీటలన్నీ ‘కమాండ్’ తరగతివి. తరగతి పేరుతో రాస్తే అన్నిటి రంగూ మారుతుంది, సొంత పేరుతో రాస్తే ఆ ఒక్కదానిదే. రెండూ ఢీకొంటే సొంత పేరుదే పైచేయి. 1993 నాటి మొజాయిక్ బ్రౌజర్ కూడా వెబ్ పేజీ శీర్షికల ఫాంటును ఇలా రిసోర్సుల్లోంచే తీసుకునేది.

తెలుగుకు ఒక అడ్డంకి మాత్రం గట్టిగా తగిలింది. పాత ఎక్స్ ఫాంట్లలో ఒక సంకేతానికి ఒకే బొమ్మ. అంకెలకు అది సరిపోతుంది. ‘స్త్రీ’ అని రాయాలంటే సకారం కింద తకారం, దానికి రకారం, పైన గుడిదీర్ఘం కలిసి ఒకే రూపం కావాలి. ఆ కూర్పు రిసోర్స్ ఫైలు చేతిలో లేదు. 2002లో జీటీకే 2 అనే టూల్‌కిట్‌తో పాటు వచ్చిన పాంగో లాంటి లైబ్రరీలు ఆ పని తలకెత్తుకున్నాకే మెనూల్లో తెలుగు కుదురుగా కనిపించింది.

పేర్ల పద్ధతి మాత్రం పోలేదు. క్యూటీ అనే మరో టూల్‌కిట్‌లోనూ, జీటీకే 3లోనూ విడ్జెట్‌కు పేరు పెడితే స్టైల్ షీట్‌లో ఆ పేరుతోనే దాన్ని పట్టుకోవచ్చు. అయితే ఇప్పుడు పేరు పెట్టడం ప్రోగ్రామర్ ఇష్టం. పెట్టకపోతే బయటివాళ్లకు చాలాసార్లు తరగతి పేరొక్కటే దిక్కు, అప్పుడు ఒక మీట అక్షరం పెద్దది చేయబోతే మీటలన్నీ పెద్దవైపోతాయి.