కంప కొట్టేముందు కలివికోడి గురించి ఒక్క మాట

జీవామృతం, వానపాములు, మిత్రపురుగుల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి వీడియోలో చేను గట్టు అవతల ఉండే కంప గురించి, ఆ కంపలో బతికే ఒక పక్షి గురించి చెప్పాను. అక్కడ టైం చాలక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నాను.

ఆ పక్షి కలివికోడి. ఇంగ్లీషువాళ్లు పెట్టిన పేరు జెర్డాన్స్ కోర్సర్. పేరులో కోడి ఉంది గానీ ఇది కోడి జాతి కాదు, మన తీతువు పిట్టకు దూరపు చుట్టం. కలివిపొదల మధ్య తిరుగుతుంది కాబట్టి మనవాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు. వెలిగండ్ల నుంచి చూస్తే వెలికొండల అవతల, కడప జిల్లా లంకమల అడవి అంచున, పెన్నా లోయలో దీని నివాసం. ప్రపంచంలో ఇంకెక్కడా ఇప్పుడు దీని ఆచూకీ లేదు.

టి.సి. జెర్డాన్ అనే డాక్టరు 1848 ప్రాంతంలో దీన్ని శాస్త్రలోకానికి చూపించాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక మళ్లీ జాడ లేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊరూరా తిరిగి వెతికితే, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట ఒక పక్షిని పట్టి తెచ్చాడు. పుస్తకాల్లో 86 ఏళ్లు లేని పక్షి ఊళ్లో వాళ్లకు తెలుసన్నమాట! ఆ తర్వాతే అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. మధ్యలో మళ్లీ చాలా ఏళ్లు జాడ దొరకలేదు. 2025 ఆగస్టులో దాని అరుపు రికార్డయింది.

ఎలా ఉంటుంది, ఎలా బతుకుతుంది?

కొలత 27 సెంటీమీటర్లు. పెద్ద కళ్లు, పొడుగు కాళ్లు. రొమ్ము మీద గోధుమరంగు పట్టీలు రెండు, గొంతు దగ్గర నారింజ రంగు మచ్చ. పగలంతా పొదల నీడన కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి నేలమీద పరుగెడుతూ మేస్తుంది. ఎగరడం తక్కువ. ఎక్కువగా పొద్దుగూకిన కాసేపటికి అరుస్తుంది, అదీ కొద్ది నిమిషాలే. రెట్టలు పరీక్షిస్తే ఎక్కువగా చెదలు, చీమలు కనిపించాయి. దీని గూడు మాత్రం శాస్త్రవేత్తలకు ఇంతవరకు దొరకలేదు.

మనిషి కంటపడని పక్షిని లెక్కపెట్టేదెలా? పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, చదును చేసి వదిలేశారు. తెల్లారి ఆ మట్టిమీద పడిన అడుగులు చూశారు. కలివికోడికి ముందుకు మూడు వేళ్లే, వెనక వేలు ఉండదు. అలా అడుగు చూసి పక్షిని గుర్తుపట్టారు. తర్వాత కెమెరాలు కూడా పెట్టారు.

ఈ పరిశోధనలో తేలిన విషయం మనకు బాగా పనికొస్తుంది. కలివికోడికి దట్టమైన అడవి అక్కర్లేదు, బోడి నేల పనికిరాదు. మనిషెత్తు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700, అంటే ఎకరాకు సుమారు 120 నుంచి 280 ఉన్నచోట దీని అడుగులు ఎక్కువ దొరికాయి. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. కట్టెల కోసం అంతా నరికేస్తే దాక్కునే చోటు పోతుంది. జీవాలను పూర్తిగా ఆపేస్తే పొదలు కమ్ముకుని ఖాళీ పోతుంది. కొద్దిపాటి మేత ఉంటేనే సరిగ్గా ఉంటుంది.

ముప్పు ఎక్కడినుంచి?

వేటకంటే పెద్ద ముప్పు నేల చదును చేయడమే. 2005లో తెలుగుగంగ కాలువ పనుల్లో యంత్రాలు ఈ పక్షి తిరిగే కంపలోకి వచ్చాయి. పక్షి ప్రేమికులు అడ్డుపడితే విషయం సుప్రీంకోర్టు సాధికార కమిటీ దాకా వెళ్లి, చివరికి కాలువ దారి మార్చారు. కానీ నీళ్లొచ్చిన చోట నిమ్మతోటలు వస్తాయి, వాటికోసం కంప పోతుంది. ఇక్కడ రైతును తప్పుపట్టలేం. నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూసిన మనకు ఆ ఆశ ఏమిటో తెలుసు. అందుకే సమస్య కష్టమైనది.

మన పొలంలో ఏం చేయొచ్చు?

కలివికోడి వెలిగండ్లలో ఉందని నేను చెప్పడం లేదు. కానీ అలాంటి కంప మన దగ్గరా ఉంది: కలివి, రేగు, బలుసు, తంగేడు. రికార్డుల్లో దాన్ని "బంజరు" అంటాం. మా పక్క చేను అన్న ఒకరు నాతో అన్నారు, "జేసీబీ పెట్టు తమ్ముడూ, ఒక్కపూటలో శుభ్రమైపోద్ది" అని. శుభ్రం అవుతుంది, నిజమే. తొండలు, తేనెటీగలు, కముజు పిట్టలు కూడా పోతాయి. పురుగును తినేవాళ్లను వెళ్లగొట్టి, తర్వాత పురుగు కోసం కషాయం కాయడం ఏం లెక్క?

నేను పాటించేవి ఇవి:

1. వాలు మీద, వంక పక్కన ఉన్న కంపను ముట్టుకోను. మట్టి కోతను ఆపేది అదే. సర్కారు తుమ్మ ఒక్కటే తీస్తాను.

2. కంచె వేయాల్సిన చోట కలివి నాటుతాను. పండిన పండు గింజను ఆరబెట్టి దాచకుండా వెంటనే విత్తాలి. పెరుగుదల నిదానం, మొదటి రెండు మూడేళ్లు మేకల నుంచి కాపాడాలి. తర్వాత ముళ్లకంచె, పచ్చడికి కాయ, పిల్లలకు పండు.

3. ఎండాకాలం గట్లు తగలబెట్టను. చెద పుట్టలు పంటకు దూరంగా ఉంటే మందు పోయను.

అరెకరం కంప వదిలితే ఆదాయం తగ్గదా అంటారు. రాళ్ల నేల చదును చేసే ఖర్చు, ఆ నేలలో వచ్చే పంట పక్కపక్కన రాసి చూడండి. చాలాచోట్ల లెక్క కంపవైపే తూగుతుంది. తూగని చోట కనీసం గట్టు పొదలైనా ఉంచండి.

లంకమల వైపు పొలాలున్న మిత్రులు రాత్రిపూట ఇలాంటి పక్షిని చూస్తే లైటు వేసి తరమొద్దు, పట్టుకోవద్దు. చోటు, టైం గుర్తుపెట్టుకుని అటవీ శాఖ బీటు ఆఫీసుకు చెప్పండి. 1986లో దాన్ని చూపించింది కూడా ఆ నేల ఎరిగిన మనిషే.