టంకశాల పొరపాటా, ఆకురాయి పనితనమా?

పాత ఐదు రూపాయల బిళ్లకు ఒక వైపు సింహాల ముద్ర మామూలుగానే ఉంటుంది. బొరుసు వైపు తిప్పితే అంకె ఉండదు. అవే సింహాలు అద్దంలో చూసినట్టు తిరగబడి, లోహంలోకి దిగబడి కనిపిస్తాయి. ఇలాంటి నాణెం టంకశాలలోనే పొరపాటున తయారై ఉండవచ్చు, ఏ వర్క్‌షాపులోనో బెంచి వైసు మధ్య తయారై ఉండవచ్చు. మొదటి రకానికి సేకర్తలు మంచి ధర ఇస్తారు. రెండోది పాడైపోయిన ఐదు రూపాయల బిళ్ల, అంతే. పాత నాణేలకు లక్షలిస్తామంటూ తన పేరు వాడుకుని సాగిస్తున్న మోసాల గురించి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది కూడా.

తేడా పట్టుకోవాలంటే నాణెం ఎలా పుడుతుందో తెలియాలి. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్లలు కత్తిరిస్తారు. వాటిని వేడిచేసి మెత్తబరిచి, అంచు కాస్త పైకి లేచేలా గాడిలో దొర్లిస్తారు. ఆ తర్వాత బిళ్ల కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయం. పదుల టన్నుల బలంతో ఒక్క దెబ్బ పడుతుంది. ముంబయి, కోల్‌కతా, నోయిడా, హైదరాబాద్ చర్లపల్లి టంకశాలలు నాలుగింటిలోనూ పద్ధతి ఇదే.

ఒక్కోసారి అచ్చయిన నాణెం బయటికి రాకుండా అచ్చుకే అతుక్కుపోతుంది. తర్వాత వచ్చిన ఖాళీ బిళ్లకు ఒక వైపు అచ్చు, రెండో వైపు ఆ ఇరుక్కున్న నాణెం తగులుతాయి. తిరగబడిన సింహాలు వచ్చేది అలాగే. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఆ బిళ్ల అంతకుముందు ఖాళీది. కాబట్టి తిరగబడిన బొమ్మ కింద అంకెల జాడ ఉండకూడదు. వైసులో రెండు నాణేలను కలిపి నొక్కితే కొత్త ముద్ర పాత ముద్ర మీద పడుతుంది. భూతద్దం పెడితే అడుగున ‘5’ అంకె అవశేషాలు దొరికిపోతాయి. వైసు దవడ తగిలిన బయటి వైపున బొమ్మ ఎత్తులు చదునై ఉంటాయి. తెలివైనవాళ్లు ముందుగానే అంకెను అరగదీస్తారు. అప్పుడు తక్కెడ పట్టిస్తుంది. రాగి, నికెల్ మిశ్రమంతో చేసిన ఆ పాత బిళ్ల బరువు 9 గ్రాములు. అరిగిన లోహం ఎక్కడికి పోయిందో అమ్మేవాడే చెప్పాలి.

అంచున చంద్రవంకలా కొరికినట్టున్న నాణేలది ఇంకా ముచ్చటైన కథ. రేకులో ముందే రంధ్రం పడిన చోట మళ్లీ బిళ్ల కత్తిరిస్తే ఈ లోపం వస్తుంది. అది గాడిలో దొర్లేటప్పుడు కొరికిన భాగం దగ్గర ఖాళీ కాబట్టి, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న అంచు మీద కూడా ఒత్తిడి పడదు. అందువల్ల అక్కడ గట్టు పలచగా, అస్పష్టంగా వస్తుంది. ఆకురాయితో గానీ కత్తెరతో గానీ తీసిన ముక్కకు ఎదురుగా గట్టు చక్కగా నిలిచి ఉంటుంది. నకిలీ చేసేవాడి చూపంతా కోసిన చోటే ఉంటుంది కదా, ఆ ఎదురు అంచు సంగతి అతనికి తట్టదు.

అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం దూరి నాణెం మీద ఉబ్బెత్తు గీతగా వస్తుంది. లోపలికి దిగిన గీత సాధారణంగా గీరుడే. అక్షరాలు మాయమైన నాణేల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. అచ్చులో జిడ్డు పేరుకున్నా అక్షరం రాదు. కానీ ఆ చోటు చుట్టుపక్కల మెరుపుతోనే కలిసిపోతుంది. గీకేసిన చోట సన్నని సమాంతర గీతలు మిగులుతాయి.

1992లో మొదలైన ఉక్కు రూపాయి బరువు 4.85 గ్రాములు, అయస్కాంతానికి అతుక్కుంటుంది. రాగి రంగులో కనిపించే అలాంటి రూపాయిని ‘తప్పు లోహం మీద పడింది’ అని అమ్మజూపితే ముందు అయస్కాంతం పెట్టాలి. అతుక్కుంటే అది రాగి పూత పూసిన ఉక్కు. సందేహం మిగిలితే ఆర్కిమెడిస్ సూత్రం ఉండనే ఉంది. ఆ బరువున్న ఉక్కు బిళ్ల నీటిలో సుమారు 0.63 గ్రాములు తేలికవుతుంది, రాగిదైతే 0.54 గ్రాములే. గ్రాములో నూరో వంతు చూపే తక్కెడ చాలు. ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం లోహాల పేర్లే చెబుతుంది. అయితే దాని చూపు పైపొర దాటి లోతుకు పోదు, మందపాటి పూత దాన్ని కూడా ఏమారుస్తుంది.

బరువు, లోహం ఏవీ పనికిరాని సందర్భం 1939 నాటి వెండి రూపాయి. అది చాలా అరుదు, 1938ది అంత అరుదు కాదు. రెండూ 11.66 గ్రాములే, ఒకే వెండి. ‘8’ని చెక్కి ‘9’గా మారిస్తే తక్కెడకు తెలియదు. నిజమైన అంకె నేల నుంచి పైకి లేచేచోట లోహం ఒకే ప్రవాహంలా సాగి ఉంటుంది. మార్చిన అంకె మొదట్లో ఉలి జాడో అతుకు గీతో సూక్ష్మదర్శిని కింద కనబడుతుంది. అందుకే ఇలాంటి నాణేన్ని కొనేముందు అసలైన 1939 రూపాయి ఫొటోను పక్కన పెట్టుకుని, ఆ ఒక్క అంకె ఒంపునే పోల్చి చూస్తారు.